రెండు లేబుళ్ల సీసా

చెల్లీ,

అక్క దీవెనలు. ఇక్కడ నేను కులాసా. పిన్నికి మోకాళ్లు తప్ప తక్కినదంతా కులాసా. ఆవిడ నోటికి మాత్రం ఏ నొప్పీ రాలేదు కాబట్టి ఇంట్లో సందడికి లోటు లేదు. మీ ముగ్గురూ కూడా చల్లగా ఉన్నారనే నా నమ్మకం.

నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. జవాబు ఎందుకు ఆలస్యమైందో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. ముందు నువ్వడిగినవాటికి చెప్పేస్తాను. లేకపోతే "నా ప్రశ్నలు ఎగ్గొట్టావు" అని పై ఉత్తరం నిండా దెప్పుతావు.

మీ కొట్టుకొచ్చే టీచరమ్మ మణికట్టు మీద దద్దుర్లు వాచీ వెనక మూత వల్లే. వెండిలా మెరిసేదంతా మంచి ఉక్కు కాదు. చౌక మూతల మీద నికెల్ పూత వేస్తారు. చెమట తగిలినప్పుడల్లా అది రవ్వంత కరిగి చర్మంలోకి దిగుతుంది. కొందరికి పడదు. టైటానియం మూత దొరికితే అది బిగించు, దొరక్కపోతే కింద తోలుముక్క వేసి కట్టుకోమను. ఇక, "వాచీలు బాగుచేసేవాళ్లు ఎలాగూ ఒక కన్ను మూసుకోవాలి, నాకు ఆ శ్రమ తప్పింది" అని రాశావే, ఆ మాటకి మరిదిగారు నవ్వారేమో గానీ నాకు నవ్వు రాలేదు.

పాప ప్రశ్న మాత్రం బంగారం. "హైడ్రోజన్ గాలి కదా పెద్దమ్మా, లోహాల వరసకి నెత్తిన ఎందుకు కూర్చుంది?" నాన్న మనకి చెప్పినట్టే దానికీ చెప్పు. ఆవర్తన పట్టికలో నిలువు వరస అంటే ఒక ఇంటిపేరు. అడ్డు వరస అంటే ఒకే అంతస్తులో కాపురమున్న వేర్వేరు ఇళ్లవాళ్లు. ఎడమ కొస నుంచి నడిస్తే ముందంతా లోహాలే తగులుతాయి. పోనుపోను లోహగుణం సన్నగిల్లి, కుడి కొసకి చేరేసరికి ఎవరితోనూ పొత్తు పెట్టుకోని వాయువులు మిగులుతాయి. మొదటి నిలువు వరసలో ఉన్న అందరికీ బయటి కక్ష్యలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్. హైడ్రోజన్‌కీ ఒకటే. ఆ ఒక్క పోలిక చూసి దానికి ఆ ఇంట్లో గది ఇచ్చారు. అద్దెకున్నదే గానీ ఇంటిమనిషి కాదు.

ఇక నీ మూడో ప్రశ్న. "పాదరసం మాస్టారు రిటైరవుతున్నాడటగా. ఆ సభకి నువ్వు వెళ్లకు. అయినా నాన్న చేసిన తప్పుకి నువ్వెందుకే అదే బడిలో, అదే ల్యాబులో ఇన్నేళ్లు ఊడిగం చేస్తావు?"

నాన్న చేసిన తప్పు. ఆ మూడు మాటల మీద వేలు పెట్టుకుని నేను ఎంతసేపు కూర్చున్నానో నీకు తెలియదు. ఇరవై రెండేళ్లుగా నువ్వు నమ్ముతున్నది ఇదే. నమ్మనిచ్చింది నేనే. ఇవాళ ఆ ముడి విప్పుతాను. నీ పక్కన ఎవరైనా ఉంటే పంపేసి చదువు.

ఆ రోజు ల్యాబులో ముందు బెంచీ మీద కూర్చున్నదానివి నువ్వు. పేలుడు వరకూ నీకు తెలుసు. ఆ తర్వాతది నీకు తెలియదు, నీ కళ్ల మీద కట్లు ఉన్నాయి. నాకు తెలుసు.

పెద్దలెవరో బడి చూడ్డానికి వస్తే వాళ్ల ముందు నీళ్లలో సోడియం వేసి చూపిస్తానని పాదరసం బయల్దేరాడు గుర్తుందా? శనగగింజంత చాలు అని ల్యాబ్ అటెండరుగా పక్కనున్న నాన్న గొణిగితే, "చివర కూర్చున్నవాళ్లకి కనపడొద్దా?" అని ఉసిరికాయంత ముక్క కోశాడు. అది సోడియం కాదు, పొటాషియం. అదే ఇంటిపేరు, ఒక మెట్టు కింద. ఆ ఇంట్లో కిందికి దిగేకొద్దీ కోపం ఎక్కువ. లిథియం నీళ్లలో బుసబుసమని ఊరుకుంటుంది. సోడియం కరిగి గుండుగా మారి అటూ ఇటూ పరుగెత్తుతుంది. పొటాషియం తగలగానే భగ్గుమంటుంది. ఆ ఒక్క ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమయ్యేకొద్దీ పట్టు సడలిపోతుంది, దాన్ని వదిలించుకునే ఆత్రం పెరుగుతుంది. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. గాజుతొట్టి ముక్కలై నీ కుడికంటిలోకి దిగిందని మాత్రమే తెలుసు.

మూడోరోజు విచారణ పెట్టారు. నాన్నకి అన్నం డబ్బా ఇద్దామని నేను ల్యాబుకి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. లోపల ఇద్దరే, పాదరసం, నాన్న. బల్ల మీద ఆ సీసా. దాని మీద "సోడియం" అని లేబుల్.

"ఇది నా రాత కాదండీ" అన్నాడు నాన్న. "నేను పొటాషియం అనే రాసి అంటించాను. పేలాక మీరే మార్చారు."

"ఎవరి రాతైతేనేం? అంటించడం నీ ఉద్యోగం. తప్పు నీదని సంతకం పెట్టు."

"చెయ్యని తప్పుకి ఎలా పెట్టను మాస్టారూ?"

అప్పుడు పాదరసం గొంతు తగ్గించాడు. "పెట్టకపోతే ఇంకో దారి ఉంది. ముందురోజు సాయంత్రం నీ కూతురు నీతో పాటు ల్యాబులోకి వచ్చింది. చూసినవాళ్లున్నారు. ఆ పిల్లే సీసాలు తారుమారు చేసిందని రాస్తాను. కన్ను పోయిన పిల్ల, పైగా దొంగపిల్ల అనిపించుకుని బతకాలి. నువ్వే తేల్చుకో."

నాన్న కలం తీసుకున్నాడు.

బయటికొచ్చాక నన్ను చూశాడు. నేను విన్నానని ఆయనకి తెలిసిపోయింది. "దానికి ఎప్పటికీ చెప్పకు. తన కోసమే సంతకం పెట్టానని తెలిస్తే అది బతుకంతా ఆ బరువు మోస్తుంది. నా మీద కోపమే నయం, కోపం తేలిక" అన్నాడు. నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నాడు.

చెల్లీ, కోపం తేలిక కాదు. ఆస్పత్రి మంచం మీద నువ్వు ఆయన్ని చూసి గోడవైపు తిరిగి పడుకున్నావు. ఆ తర్వాత ఆరేళ్లు ఆయనతో ముక్తసరి మాటలే. ఆయన పోయేముందు వారం కూడా "మందు వేసుకున్నావా" అని అడిగావే గానీ నాన్నా అని పిలవలేదు. నిన్ను తప్పు పట్టడం లేదు. తెలిస్తే నువ్వలా ఉండేదానివా! నీకూ నాన్నకీ మధ్య ఆ ఆరేళ్లని తినేసినవాడు ఒకడున్నాడు, వాడి ముఖం నేను ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

ఊడిగం అన్నావు. ఊడిగం కాదే. కాపు కాయడం. ఆ బడిలో ల్యాబ్ అటెండరు ఖాళీ వచ్చిందని తెలియగానే ఎందుకు ఎగిరి గంతేశానో ఇప్పుడు అర్థమైందా? చేరిన మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, "ఓహో, ఆయన కూతురివా? లేబుళ్లు జాగ్రత్తగా అంటించు" అని నవ్వాడు పాదరసం. పిల్లలు ఆ పేరు ఊరికే పెట్టలేదు. పాదరసం కూడా లోహమే, కానీ గట్టిగా నిలబడదు. ఎక్కడ పోసినా జారుకుంటుంది, చేతికి అంటదు. ఈయనకీ ఏ తప్పూ అంటదు. ల్యాబు గోడ మీద నాన్న నెలరోజులు నిచ్చెన ఎక్కి రంగులతో గీసిన ఆవర్తన పట్టిక కింద కూడా ఈయన పేరే ఉంది.

ఆ పట్టికని నేను రోజూ తుడిచేదాన్ని. తుడుస్తూ నేర్చుకున్నాను. చదువు మీద మోజుతో కాదు, కత్తి పెట్టుకున్నవాడు సానరాయి వెతుక్కున్నట్టు. ఏ లోహం సాగుతుంది, ఏది పగులుతుంది, ఏది నీళ్లలో తేలుతుంది, ఏ మంట ఏ రంగు. లిథియం ఎంత తేలికంటే కిరోసిన్ మీద కూడా తేలుతుంది. కోసినప్పుడు సోడియం గట్టి వెన్న, పొటాషియం మెత్తని వెన్న. కోసిన ముఖం సోడియంకి కాస్త నిదానంగా మాసిపోతుంది, పొటాషియంకి చూస్తూండగానే నీలంగా కమిలిపోతుంది. ఇవన్నీ నాకు కంటితో తెలుసు. పుస్తకంతో తప్ప పాదరసానికి తెలియవు. అది కనిపెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది.

చేరిన ఏడాదిలోనే ఇంకోటి దొరికింది. స్టోరులో పాత సీసాలు వేడినీళ్లలో నానేసి కడుగుతుంటే ఒకదాని లేబుల్ ఊడింది. "సోడియం" అని పాదరసం కోడిగీతలు. దాని కింద ఇంకో లేబుల్. "పొటాషియం". నాన్న రాత. "పొ" ఒత్వం చివర తోకలా పైకి లాగుతాడే, అదే. నేను ఆ తడి సీసాని చీరకొంగులో చుట్టుకుని, గచ్చు మీద కూలబడి ఏడ్చాను. సాయంత్రం దాన్ని అప్పటి హెడ్మాస్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సీసాని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ నాన్నే లేడు కదమ్మా ఇప్పుడు. పాత పుండు గోకితే ఏమొస్తుంది?" అన్నాడు. పుండు ఎవరిదో వాళ్లకి అది పాతబడదని ఆయనకి ఎవరు చెప్పాలి! సీసాని స్టోరులో నా పెట్టెలో దాచాను. ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఇక ఎవరినీ అడగను అని.

సభ రోజు సంగతి చెబుతాను. వద్దన్నావు గానీ వెళ్లాను.

హాలు నిండా జనం. వేదిక మీద పూలగుత్తులు, జ్ఞాపిక, పక్కన గుడ్డ కప్పిన బల్ల. చివరి పాఠం అందరి ముందూ చెప్పి తప్పుకుంటానని పాదరసం పట్టుబట్టాడు. ఏ పాఠం అనుకున్నావు? నీళ్లలో సోడియం. అంత ధీమా మనిషికి ఎక్కణ్నుంచి వస్తుందో! ముఖ్య అతిథి ఒకప్పుడు బళ్లు తనిఖీ చేసిన పెద్దాయన, జుట్టు ముగ్గుబుట్ట, చూపు మాత్రం సూది. ఇప్పటి హెడ్మిస్ట్రెస్ ఆయన పక్కన కూర్చుంది. నేను పక్క తలుపు దగ్గర నిలబడ్డాను.

పాదరసం సీసా తెరిచాడు. ముక్క బయటికి తీసి, వడపోత కాగితం మీద అద్ది, కత్తి పెట్టాడు. అది మెత్తగా దిగిపోయింది. "చూశారా పిల్లలూ, లోహమంటే ఇనుములా గట్టిగానే ఉండాలని లేదు. ఇది సోడియం, వెన్నలా కోసుకుపోతోంది" అన్నాడు. నేను నిలబడ్డచోటికే కనపడుతోంది, కోసిన ముఖం అప్పుడే కమిలిపోయింది. ఆయన చూడలేదు. ముక్కని పట్టకారుతో పట్టుకుని, మైకులో అన్నాడు: "ఈసారి నేను వెయ్యను. మన తొమ్మిదో తరగతి ఫస్టు అమ్మాయి వచ్చి వేస్తుంది."

రెండో వరసలోంచి ఒక పిల్ల లేచింది. సన్నగా, రెండు జడలు, అందరూ చప్పట్లు కొడుతుంటే సిగ్గుతో తలొంచుకుని నవ్వుకుంటూ మెట్లెక్కింది. పట్టకారు చేతిలోకి తీసుకుంది. తొట్టి మీదికి వంగింది.

నేను ఎలా వెళ్లానో నాకు తెలియదు. వేదిక మీద ఉన్నాను, ఆ పిల్ల మణికట్టు నా గుప్పిట్లో ఉంది, పట్టకారులోని ముక్క మళ్లీ కిరోసిన్‌లో ఉంది.

"ఏంటిది? ఏం చేస్తున్నావ్ నువ్వు?" అరిచాడు పాదరసం.

"అది సోడియం కాదు సార్."

"లేబుల్ చూడు! కళ్లు కనపడట్లేదా?"

కళ్లు అన్నాడు చెల్లీ. ఆ మాట అనగలిగాడు.

"లేబుల్ నేను చూశాను సార్. మీరు లోహాన్ని చూడండి. మళ్లీ ఒక్కసారి కోసి, అదేంటో చెప్పండి."

ఆయన నవ్వబోయి, పెద్దాయన చూపు తగిలి, మళ్లీ కోశాడు. చూశాడు. "సోడియమే" అన్నాడు.

అప్పుడు నేను పిల్లని కిందికి పంపేసి, ఆవగింజంత తునక తీసి, తొట్టి మీద రేకుపళ్లెం ఓరగా అడ్డం పెట్టి లోపలికి జార్చాను. చిటపటమంది, చిన్న మంట లేచింది. ఊదారంగు మంట.

"సోడియం అయితే పసుపు" అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి. "ఇది పొటాషియం. మాస్టారూ, కోసినప్పుడే మీకు తెలియలేదా?"

"లేబుల్ మీద సోడియం అనే ఉందండీ. అటెండరు తప్పు..."

"లేబుల్ పిల్లల కోసం. మీకు లోహం కనపడాలి కదా" అన్నాడాయన మెల్లగా. ఆ మాట మైకులో పడింది.

నేను స్టోరుకి వెళ్లి పెట్టెలోంచి సీసా తెచ్చాను. రెండు లేబుళ్లూ అందరికీ చూపించాను. నీ సంగతి, నాన్న సంగతి, సంతకం సంగతి చెప్పాను. ఇరవై రెండేళ్లు నోట్లోనే తిప్పుకున్న మాటలు, తడబాటెందుకొస్తుంది? జ్ఞాపిక బల్ల మీదే ఉండిపోయింది. పూలగుత్తులు పట్టుకున్న పిల్లలు ఎవరికివ్వాలో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పాదరసం పక్క మెట్ల మీదుగా దిగి వెళ్లిపోతుంటే ఒక్కరూ లేవలేదు.

మర్నాడు బళ్లో నేను దేవతని. "రెండోసారి కూడా ఆయనే సీసాలు తారుమారు చేసి అటెండరు మీదికి తోసెయ్యబోయాడు" అని ఊరు ఊరంతా తీర్మానించేసింది. యాజమాన్యం ఆయనకి ఇవ్వాల్సిన గౌరవ పదవి ఆపేసి, విచారణ వేసింది. ఆయన ఎవరితో మొరపెట్టుకున్నా "సీసా నేను మార్చలేదు, నాకేం తెలియదు" అన్నాడట. ఎవరు నమ్ముతారు? బజారులో ఆయన ఎదురైతే మనుషులు పక్కకి చూసుకుంటూ పోయారు. ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ నాకు ఆకలి భలే వేసింది. పిన్ని "ఏంటే, మళ్లీ వడ్డించుకుంటున్నావు?" అని ఆశ్చర్యపోయింది.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టాను. లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. ఇప్పుడు అసలుది రాయాలి.

ఆయన అబద్ధమాడలేదు చెల్లీ. ఆయన సీసా మార్చలేదు. నేను మార్చాను.

సభకి మూడురోజుల ముందు, స్టోరు తలుపు గడియ పెట్టుకుని, సోడియం సీసాలో పొటాషియం పెట్టింది నేను. ప్రయోగాల బల్ల ముందు నిలబెట్టే గాజుతెర విరిగిందని చెప్పి బీరువా వెనక దాచింది నేను. ముందు వరస కుర్చీలు పన్నెండు అడుగుల దూరం అడుగులు కొలిచి మరీ వెనక్కి జరిపించింది నేను. పిల్లలకి ఏమీ కాకూడదు, ఆయనకే కావాలి. ఆయన పెద్దముక్కే కోస్తాడని తెలుసు, కళ్లద్దాలు పెట్టుకోడని తెలుసు, లోహం చూసి పోల్చుకోలేడని తెలుసు. ఒక్క కన్ను చాలనుకున్నాను. కుడిదైతే మరీ మంచిదనుకున్నాను. ఇలాంటి అక్క ఉందని నీకు తెలియదు కదూ? నాకూ తెలియదు, ఆ గడియ పెట్టేదాకా.

అన్నీ కొలిచాను. ఆయన తన చేత్తో వెయ్యకుండా ఒక పిల్లని పిలుస్తాడని మాత్రం కొలవలేదు. నన్నందరూ పొగుడుతున్నారే, ఆ పిల్లని నేను కాపాడలేదు. నేను పెట్టిన మంటలోంచి నేనే లాగాను.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం పాదరసం స్టోరుకి వచ్చాడు. గడ్డం పెరిగింది. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడు. కూర్చోమనలేదు, నిలబడే మాట్లాడాడు.

"నువ్వే మార్చావు. నాకు తెలుసు" అన్నాడు.

"ఎవరికైనా చెప్పండి."

"చెప్పాను. నమ్మట్లేదు." ఆ గుండీ సర్దుకోబోయి, "నేను చెయ్యలేదమ్మా. చెయ్యని తప్పుకి..." అని మింగేశాడు. నాన్న అన్న మాటే తన నోట వచ్చిందని ఆయనకి గుర్తొచ్చింది కాబోలు.

నాకేమనిపించిందో నిజం చెప్పనా? హాయిగా అనిపించింది. ఎండలో నడిచొచ్చి కాళ్లు నీళ్లలో పెట్టుకున్నట్టు.

"కాగితం ఇస్తాను" అన్నాను. "ఆ రోజు లేబుల్ ఎవరు మార్చారో, మా నాన్నని ఏమని బెదిరించారో, మా చెల్లి పేరు ఎలా వాడుకున్నారో, అన్నీ రాసి సంతకం పెట్టండి. ఈ సీసా సంగతి నేను రాసి సంతకం పెడతాను."

"నేను రాశాక నువ్వు రాయకపోతే?"

"మా నాన్నకి ఆ అనుమానం రాలేదు సార్. మీకొచ్చింది. అదే తేడా."

ఆయన రాశాడు. రెండు పేజీలు. రెండుచోట్ల సిరా పాకింది. నేను ప్రతి వాక్యం చదివి, ఒకచోట "పొరపాటున" అని ఉంటే కొట్టేయించి "తెలిసే" అని రాయించాను.

ఆ కాగితం చేతికొచ్చాక నాకు ఒక రోజంతా బుద్ధి పెడదారి పట్టింది. మాట తప్పితే ఏం? ఆయన తప్పలేదా? రెండు నిందలూ ఆయన నెత్తిన పెట్టుకుని పోనీ! నేను దేవతగానే మిగిలిపోతాను. నాన్నకి చెయ్యనిదానికి శిక్షపడింది, ఈయనకీ చెయ్యనిదానికే పడాలి, చెల్లుకి చెల్లు.

కానీ ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. ఆయన చెయ్యని తప్పు ఒకటి ఆయన నెత్తిన ఉన్నంతకాలం, చేసిన తప్పు దాని చాటున దాక్కుంటుంది. చచ్చేదాకా "నాకు అన్యాయం జరిగింది" అనుకుంటాడు. ఆ మాట నిజమవుతుంది కూడా. అద్దంలో చూసుకుని తన మీద తనే జాలిపడతాడు. నేను ఆయనకి ఆ జాలి కూడా మిగల్చను. ఆయన దగ్గర ఆయన చేసింది తప్ప ఇంకేమీ ఉండకూడదు. అందుకని నా కాగితం కూడా రాసి, రెండూ కలిపి హెడ్మిస్ట్రెస్ బల్ల మీద పెట్టాను. దయతో కాదు. మంచితనంతో అసలే కాదు.

ఆవిడ నాది రెండుసార్లు చదివి, "ఇది నాకివ్వకుండా ఉంటే బాగుండేది కదమ్మా" అంది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. నాన్న పేరు మీదున్న తప్పు కొట్టేసినట్టు రికార్డులో ఎక్కించింది, నకలు దీంతో జత చేస్తున్నాను. ఆ కిందనే నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు. రెండిటి మీదా ఒకే తేదీ.

నాన్న గురించి ఇప్పుడు నీకు తెలిసింది. ఒట్టు తప్పాను. ఆయన భయపడ్డట్టే నీ మీద బరువు పడుతుంది, తెలుసు. ఇప్పుడు నీకు మోసే వయసుంది. ఏడుపొస్తే ఏడువు. ఆయన సంతకం నీ వల్ల కాదు, నీ కోసం. ఆ తేడా నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకొక్క మాట. నిన్న ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. అరుగు మీద నిలబడి, "నేను వేసుంటే ఏమయ్యేది ఆంటీ?" అని అడిగింది. దాచకుండా చెప్పాను. పిల్ల కాసేపు తన అరచేతులు చూసుకుంది. "మీరు నాకు సారీ చెప్పలేదు" అంది.

చెప్పాను చెల్లీ. పదిహేనేళ్లు నిండని పిల్ల ముందు తలొంచుకుని, "తప్పు చేశానమ్మా, క్షమించు" అన్నాను. ఆ పిల్ల మెట్లు దిగి వెళ్లిపోయింది. వెళ్లనిచ్చాను. అది దాని హక్కు. ఆ మాట నోటినుంచి వస్తున్నప్పుడే నాకు తట్టింది, ఇరవై రెండేళ్లలో నీకు అది ఒక్కరూ చెప్పలేదని.

అందుకే పొద్దున్నే పాదరసం ఇంటికి వెళ్లి, నీ చిరునామా రాసిన కవరు ఆయన చేతిలో పెట్టి వచ్చాను. నీకు ఉత్తరం రాస్తాడు. రాయక చస్తాడా, రాసేదాకా రోజూ గుమ్మం ముందు కూర్చుంటానన్నాను. అది అందాక చదువుతావో, చదవకుండా చింపేస్తావో నీ ఇష్టం. క్షమిస్తే క్షమించు, నేను అడ్డు రాను. కానీ అక్కగా ఒకటి అడుగుతాను, వెంటనే జవాబు రాయకు. పోస్టుమాన్ సైకిలు గంట వినపడ్డప్పుడల్లా ఆయన గుమ్మంలోకి రావాలి, ఉత్తి చేతులతో లోపలికి వెళ్లాలి. నాన్న నీ పిలుపు కోసం ఆరేళ్లు అలాగే చూశాడు.

పాపకి ముద్దులు, మరిదిగారికి నమస్కారాలు.

ఇట్లు,
నిన్ను అడగకుండానే నీ పగ తీర్చుకున్న
నీ అక్క